బ్రౌను దొర – తెలుగు క్రియ

నరసరావుపేటలోగాని, మాచర్లలోగాని, గురజాలలోగాని ఇంగ్లీషు క్రియల పాఠము వచ్చినప్పుడు విద్యార్థులు తరచుగా ఒకచోట చిక్కుపడుదురు. కర్మను కోరునది సకర్మకము, కోరనిది అకర్మకము అని వల్లించుట సులభమే. కాని 'బ్రేక్' అను ఒక్క క్రియయే కొమ్మ విరిగెననుటకును, గాలి కొమ్మను విరిచెననుటకును చెల్లుట వారికి వింతగా తోచును. తెలుగున ఈ రెంటికి రూపములే వేరు. విరుగు, విరుచు, మునుగు, ముంచు. ఇట్టి జంటలలో మన క్రియ తన జాతిని తన రూపముననే తెలుపును. ఇంగ్లీషు 'బ్రేక్' వాక్యములో తన స్థానమును బట్టి తెలుపును. ఈ భేదమును ఆవలి ఒడ్డునుండి చూచి, తెలుగునకు తన జీవితమును ధారపోసినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

ఆయన 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1817లో మద్రాసు చేరి, సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరములు దిద్దెను. 1820లో కడప కలెక్టరునకు సహాయకుడుగా నియమితుడయ్యెను. కచేరీకి వచ్చిన రైతుల మాట వినుచుండగా, తాను చదివిన భాషకును జనుల భాషకును గల దూరము ఆయనకు తెలియవచ్చెను.

ఇంగ్లీషువానికి ఆ దూరము ముఖ్యముగా క్రియలోనే కనబడును. అతని భాషలో నేను వచ్చినను, నీవు వచ్చినను, వాడు వచ్చినను భూతకాల రూపమొక్కటే. తెలుగున వచ్చితిని, వచ్చితివి, వచ్చెను అని కర్తనుబట్టి క్రియ మారును. పైగా గ్రంథములలో వచ్చితిని అని యున్నది సంతలో వచ్చాను అని వినబడును. ఏది నేర్వవలెను? రెండును నేర్వవలెనని బ్రౌను నిశ్చయించెను.

మచిలీపట్నమునకు బదిలీ అయిన పిమ్మట వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి, తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి మొదలగు పండితుల సాయమున ఛందస్సును, కావ్యములను అభ్యసించెను. కడపలోను, మచిలీపట్నములోను ఉచిత పాఠశాలలు నడిపెను. తన జీతమునుండియే పండితులను, లేఖకులను పోషించి, శిథిలమగుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను.

1832–33లో నందన కరువు వచ్చెను. నేటి పల్నాడు జిల్లా 2022లో ఏర్పడినది. ఆనాడు ఈ ప్రాంతము గుంటూరు జిల్లాలోనిదే. జిల్లాలోని ఐదు లక్షల జనములో లక్షన్నరకు తక్కువ కాకుండ నశించిరని అంచనా. జనులు దానిని డొక్కల కరువు అనిరి. అప్పుడు గుంటూరులో ఉద్యోగము చేయుచుండిన బ్రౌను తన నివేదికలలో దానిని కరువు అనియే వ్రాసెను. పైవారికి ఆ మాట రుచింపలేదు. కొరత అనిన చాలునని వారి అభిప్రాయము. ఆయన తన మాటను మార్చుకొనలేదు. మాటకు అర్థము దానిని వాడు జనులవద్ద దొరకునని కచేరీలో నేర్చినవాడు, ఆకలితో చచ్చువారి ఎదుట మరియొక మాట ఎట్లు వ్రాయగలడు?

1834లో ఇంగ్లండునకు పోయెను. అచటను ఊరకుండలేదు. లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయమున పడియుండిన దక్షిణదేశపు వ్రాతప్రతులను వెదకి, వానిని మద్రాసునకు పంపించు ఏర్పాటు చేసెను. తిరిగివచ్చి మద్రాసులో పర్షియన్ అనువాదకుడుగా పనిచేయుచు 1840లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున వెలువరించెను. అంతకుముందు కేరీ 1814లోను, క్యాంబెల్ 1816లోను వ్యాకరణములు ప్రచురించి యుండిరి. బ్రౌను విశేషము, కావ్యరూపముల సరసనే వాడుక రూపములకును చోటిచ్చుట.

1852లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. అందు విరుగు అకర్మకమని, విరుచు సకర్మకమని వేర్వేరుగా గుర్తించి, రెంటికిని ఇంగ్లీషు అర్థమిచ్చెను. ఇంగ్లీషున ఒక్క మాటతో సరిపోవుచున్నదని తెలుగున ఒకదానిని త్రోసివేయలేదు. తన భాష కొలతతో పరభాషను కొలువకుండుటయే ఆయన చూపిన దారి.

ఉద్యోగము చాలించి స్వదేశమునకు వెళ్ళిన పిమ్మట 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. అవివాహితుడుగనే యుండి, 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూసెను.

మన విద్యార్థులు నేడు ఆ దారిని ఎదురుదిక్కుగా నడువవలసియున్నది. ఆయన ఉపాధ్యాయుడు అను వాక్యమున తెలుగునకు క్రియ అక్కరలేదు. ఇంగ్లీషున 'ఈజ్' లేనిదే వాక్యము నిలువదు. దీనిని తప్పు అని దిద్ది ఊరకుండిన ఉపాధ్యాయుని కంటె, రెండు వాక్యములను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి చూపిన ఉపాధ్యాయుడు పిల్లలకెక్కువ మేలు చేయును. బ్రౌను తన నిఘంటువులో చేసిన పనియు అదియే.