కుమారుని వెదకుచు సముద్రము దాటిన పునీత మోనికమ్మ

ఉత్తర ఆఫ్రికాలోని తగస్తె పట్టణమున మోనికమ్మ వితంతువు. కుమారుడు అగస్తీను మానీ మతమున చేరగా, కొంతకాలము అతనితో కలిసి భుజించుటకైనను ఆమె ఒప్పలేదు. 383లో అతడు కార్తేజి రేవున తల్లిని ఏమార్చి, రాత్రివేళ రోమునకు ఓడనెక్కెను. ఆమె విలపించెను, కాని ఇంట కూర్చుండలేదు. తానును ఓడనెక్కి, తుఫానులో నావికులకే ధైర్యము చెప్పి, ఇటలీలోని మిలానులో కుమారుని కలిసికొనెను. 387 ఈస్టరు పండుగకు పీఠాధిపతి అంబ్రోసువారు అగస్తీనుకు జ్ఞానస్నానమిచ్చిరి. అదే యేట, తిరుగు ప్రయాణమున, ఓస్తియా రేవులో 56వ యేట ఆమె కన్నుమూసెను. స్వదేశమున భర్త ప్రక్కనే తన సమాధి ఉండవలెనను చిరకాల కోరికను చివరకు విడిచి, బలిపీఠము వద్ద తనను స్మరించిన చాలుననెను. పరదేశమేగిన బిడ్డల జాడకై ఎదురుచూచు మన గోదావరిఖని తల్లులకు ఆమె తోడు.