ఫిరంగుల మధ్య రెండు వ్యాసాలు

ఫిజిక్సు విద్యార్థులకు ష్వార్జ్‌షిల్డ్ అంటే ఒక వ్యాసార్ధం. పరీక్షలో సూత్రం రాసేస్తాం, మర్చిపోతాం. ఆ సూత్రం వెనుక నలభై మూడేళ్ళు నిండకుండానే కన్నుమూసిన ఒక మనిషి ఉన్నాడు.

కార్ల్ ష్వార్జ్‌షిల్డ్ 1873 అక్టోబరు 9న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో ఒక యూదు వ్యాపారి ఇంట పుట్టాడు. కుర్రవాడికి చిన్నప్పటినుంచీ నక్షత్రాల పిచ్చి. పదహారేళ్ళకే జంట తారల కక్ష్యలపై ఆయన రాసిన వ్యాసాలు అచ్చయ్యాయి. 1896లో మ్యూనిక్‌లో డాక్టరేటు, 1901లో గొట్టింగెన్ వేధశాల బాధ్యత, 1909లో పోట్స్‌డామ్ వేధశాల డైరెక్టరు పదవి, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

1914లో యుద్ధం వచ్చింది. నలభై దాటినవాడు, పెద్ద పదవిలో ఉన్నవాడు, పిల్లలున్నవాడు. రమ్మని ఎవరూ బలవంతపెట్టకపోయినా సైన్యంలో చేరాడు. బెల్జియంలో వాతావరణ కేంద్రం నడిపాడు. తర్వాత ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కలు కట్టాడు. రష్యా రంగంలో ఉండగా ఒంటినిండా బొబ్బలు లేచే పెంఫిగస్ వ్యాధి పట్టుకుంది.

1915 నవంబరులో ఐన్‌స్టయిన్ తన గురుత్వాకర్షణ సమీకరణాలు ప్రకటించాడు. బుధగ్రహం లెక్కను ఆయనే ఉజ్జాయింపుగా చేసి ఊరుకున్నాడు. కొద్ది వారాలకే, డిసెంబరు 22న, యుద్ధరంగం నుంచి ఆయనకో ఉత్తరం వెళ్ళింది. గోళాకారపు ద్రవ్యరాశి చుట్టూ ఆ సమీకరణాలకు కచ్చితమైన సాధన అందులో ఉంది. సూర్యుణ్ణి సుమారు 3 కిలోమీటర్ల వ్యాసార్ధానికి, భూమిని 9 మిల్లీమీటర్లకు నొక్కేస్తే వెలుతురు కూడా బయటపడలేదని ఆ సాధనను బట్టే తర్వాతివాళ్ళు తెలుసుకున్నారు. కృష్ణబిలం అనే పేరు 1960లలో గానీ వాడుకలోకి రాలేదు.

ఆ నెలల్లోనే ఆయన మరో వ్యాసం కూడా రాశాడు. విద్యుత్ క్షేత్రంలో వర్ణపట రేఖలు ఎందుకు చీలుతాయో క్వాంటం సిద్ధాంతంతో వివరించాడు. 1916 మే 11న మరణించాడు.

ఆయన చేతిలో గురుత్వాకర్షణ, క్వాంటం పక్కపక్కనే ఉన్నా, ఒకదానితో ఒకటి కలవలేదు. 1974లో కేంబ్రిడ్జిలో స్టీఫెన్ హాకింగ్ క్వాంటం సూత్రాలను కృష్ణబిలం హద్దు దగ్గర ప్రయోగించి చూశాడు. కృష్ణబిలం వెచ్చని వస్తువులా వికిరణం వెలువరించక తప్పదని తేలింది. దాంతో ద్రవ్యరాశి తరుగుతుంది. తరిగినకొద్దీ వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ ఇంకా త్వరగా తరుగుతుంది. చివరికి ఆవిరైపోతుంది.

సూర్యుడంత బరువున్న కృష్ణబిలం ఉష్ణోగ్రత పరమ శూన్యంకంటే డిగ్రీలో కోటో వంతు కూడా ఎక్కువుండదు. చుట్టూ ఆకాశం 2.7 డిగ్రీలుంది కనుక ప్రస్తుతానికి అది ఇచ్చేదానికన్నా పుచ్చుకునేదే ఎక్కువ. దాని మానాన దాన్ని వదిలేసినా ఆవిరవడానికి 1 పక్కన 67 సున్నాలు పెట్టినన్ని ఏళ్ళు కావాలి. అందుకే ఆ వికిరణాన్ని నక్షత్రాల మధ్య ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

గురుత్వాకర్షణనూ క్వాంటాన్నీ పూర్తిగా కలిపే సిద్ధాంతం నేటికీ రాలేదు. ఆ రెంటినీ జబ్బు మంచంమీద కూడా వదలని మనిషికి యుద్ధం ఇంకొన్నేళ్ళు మిగిల్చి ఉంటే ఏం జరిగేదో చెప్పలేం. ఆ లెక్క మాత్రం సగంలోనే ఉంది. క్లాసురూములో ఆ వ్యాసార్ధాన్ని రాసుకుంటున్న మనందరి ముందూ ఉంది.