పాట్రిక్ రాన్స్

పాట్రిక్ రాన్స్ (మార్చి 18, 1918 - ఆగష్టు 22, 1999) ఇంగ్లాండుకు చెందిన చీజ్ వర్తకుడు, గ్రంథకర్త. రెండవ ప్రపంచయుద్ధం తరువాత దాదాపు అంతరించే దశకు చేరిన బ్రిటిష్ పల్లెటూరి చీజ్ రకాలను వెదకి వెలికితీసి, వాటి రుచిని జనానికి తిరిగి పరిచయం చేసినవాడుగా ఇతడు ప్రసిద్ధుడు. బెర్క్‌షైర్‌లో, థేమ్స్ నది ఒడ్డునున్న స్ట్రీట్లీ గ్రామంలో ఇతడు నడిపిన వెల్స్ స్టోర్స్ అనే చిన్న దుకాణం దేశమంతటా పేరు పొందింది. 1982లో వెలువడిన "ది గ్రేట్ బ్రిటిష్ చీజ్ బుక్" ఇతని ముఖ్య రచన.

చీజ్ అనే మాటకు తెలుగులో జున్ను అని అర్థం చెప్పడం వాడుకలో ఉంది. ఇది పూర్తిగా సరికాదు. మన జున్ను ఈనిన పశువు తొలిరోజులలో ఇచ్చే ముర్రుపాలతో వండే పదార్థం. చీజ్ మామూలు పాలతోనే తయారవుతుంది. పాలకు తోడు వేసి, దూడ పొట్టనుండి తీసిన రెన్నెట్ అనే పదార్థంతో గడ్డకట్టించి, తేట నీరు వార్చి, ఉప్పు కలిపి, అచ్చులలో నొక్కి, నెలల తరబడి మాగబెడతారు. మాగబెట్టడమే దీనికి ప్రాణం. ఈ కారణం చేత ఈ వ్యాసంలో చీజ్ అనే మాటనే వాడడం జరిగింది.

తొలి జీవితం

రాన్స్ ఎసెక్స్ ప్రాంతంలోని సౌతెండ్-ఆన్-సీ పట్టణంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. రాన్స్ యువకుడిగా సైన్యంలో చేరి, రెండవ ప్రపంచయుద్ధంలో పాల్గొని, మేజరు హోదాతో బయటకు వచ్చాడు. దుకాణదారుడైన తరువాత కూడా ఊరివారు ఇతనిని మేజరు అనే పిలిచేవారు. ఒక కంటికి మాత్రమే అద్దం పెట్టుకొనే పాతకాలపు అలవాటు ఇతనికి ఉండేది. 1952లో జానెట్ మాక్స్‌టన్ గ్రాహమ్‌ను వివాహమాడాడు. ఈమె "మిసెస్ మినివర్" అనే ప్రసిద్ధ రచన చేసిన జాన్ స్ట్రూథర్ కుమార్తె. దుకాణం నడపడంలో ఈమె పాలు తక్కువేమీ కాదు.

యుద్ధకాలంలో చీజ్‌కు కలిగిన నష్టం

రాన్స్ కృషిని అర్థం చేసుకోవాలంటే అంతకు ముందు జరిగినది కొంత తెలియాలి. బ్రిటన్‌లో ప్రతి ప్రాంతానికీ ఒక చీజ్ ఉండేది. సోమర్సెట్‌లో చెడ్డార్, యార్క్‌షైర్ లోయలలో వెన్స్‌లీడేల్, వేల్స్‌లో కేర్ఫిల్లీ పేరుపొందాయి. కేర్ఫిల్లీ బొగ్గుగని కార్మికులకు ఇష్టమైన తిండి. లాంకషైర్ చీజ్ కోసం ఒకనాటి పాలగడ్డను వాడరు, రెండు మూడు రోజుల గడ్డలను కలిపి నొక్కుతారు. చెషైర్ మైదానం అడుగున ఉప్పురాతి పొరలున్నాయి. అక్కడి గడ్డి మేసిన ఆవుల పాలతో చేసిన చీజ్‌లో ఆ ఉప్పదనం తెలుస్తుందని రుచి ఎరిగినవారు చెబుతారు. డోర్సెట్‌లో వెన్న తీయగా మిగిలిన పాలతో బ్లూ విన్నీ అనే నీలిబూజు చీజ్ చేసేవారు. ఇవన్నీ ఎక్కువగా రైతుల ఇళ్ళలో, స్త్రీల చేతుల మీదుగా తయారయ్యేవి.

1933లో పాల విక్రయ సంస్థ (మిల్క్ మార్కెటింగ్ బోర్డు) ఏర్పడి రైతుల పాలను ఒకే ధరకు కొనసాగింది. రైతుకు రాబడి స్థిరపడింది. కాని ఒక ఊరి పాలు, ఒక మంద పాలు అనే భేదం చెరిగిపోయి అన్నీ ఒకే తొట్టిలో కలిశాయి. తరువాత యుద్ధం వచ్చింది. 1941లో చీజ్‌కు రేషన్ విధించారు. యుద్ధకాలంలో చాలాభాగం మనిషికి వారానికి రెండు ఔన్సులు, అనగా సుమారు 57 గ్రాములు మాత్రమే దొరికేది. పాలను వృథా చేయరాదని, గట్టిగా ఉండి ఎక్కువకాలం నిలిచే కొద్ది రకాలకే ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. స్టిల్టన్, కేర్ఫిల్లీ వంటివి ఆగిపోయాయి. ఆహార మంత్రిత్వశాఖ లెక్క ప్రకారం ఇది సబబైన నిర్ణయమే, ఆకలి ముందు రుచికి చోటెక్కడిది? కాని 1954లో రేషన్ ఎత్తివేసేనాటికి చీజ్ చేయడం మానుకొన్న రైతు కుటుంబాలు చాలావరకు తిరిగి ఆ పనికి రాలేదు. ఆ స్థానాన్ని కర్మాగారాలు ఆక్రమించాయి. గుండ్రని చక్రం వంటి చీజ్‌కు బదులు ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చదరపు దిమ్మలు వచ్చాయి.

ఈ మార్పు నూజివీడు, ఆగిరిపల్లి ప్రాంతపు మామిడి రైతులకు కొత్త సంగతి కాదు. చిన్నరసం, పెద్దరసం, చెరకురసం, పంచదార కలశ వంటివి పిండుకొని జుర్రుకొనే పండ్లు. తొక్క పలుచన, దూరప్రయాణానికి ఆగవు. బంగినపల్లి ఆగుతుంది. మనం కలెక్టరుకాయ అని పిలిచే తోతాపురి గుజ్జు కర్మాగారాలకు అనువుగా ఉంటుంది. అందుచేత రైతు వేసే కొత్త మొక్క ఏదో వేరే చెప్పనక్కరలేదు. రసం రుచి తగ్గినందువల్ల కాదు, లారీ ఎక్కలేనందువల్ల వెనుకబడింది. బ్రిటన్‌లో పల్లె చీజ్ వెనుకబడడానికి కారణం కూడా ఇటువంటిదే.

వెల్స్ స్టోర్స్

1950ల దశకంలో రాన్స్ దంపతులు స్ట్రీట్లీలోని వెల్స్ స్టోర్స్‌ను తీసుకున్నారు. అది మొదట అన్ని పల్లె దుకాణాలవంటిదే. సరుకులతోపాటు రెండు మూడు రకాల చీజ్ ఉండేది. రాన్స్ టోకు వ్యాపారి పంపినది అమ్మి ఊరుకొనక, తానే పొలాలకు వెళ్ళి, చేసేవారిని కలుసుకొని, రుచి చూసి కొనడం మొదలుపెట్టాడు. క్రమంగా దుకాణంలో రకాల సంఖ్య వంద దాటింది. ఫ్రెంచి చీజ్‌లు కూడా చేరాయి. లండన్ నుండి కూడా జనం రాసాగారు.

ఇతని అమ్మకం పద్ధతి ఆ రోజులలో వింతగా తోచేది. చీజ్ చక్రాలను బల్ల మీద తెరచి ఉంచేవాడు. కొనేవారు ముందుగా చిన్న ముక్క రుచి చూడవలసిందే. ఒకే పొలం, ఒకే మనిషి చేసిన చీజ్ అయినా, వసంతంలో పచ్చిగడ్డి మేసినప్పటి పాలదీ, శీతాకాలంలో ఎండుగడ్డి మేసినప్పటి పాలదీ ఒక రుచిగా ఉండదని అనుభవపూర్వకంగా తెలిసేది. చీజ్ వర్తకుడు కేవలం మధ్యదళారి కాడు, మాగబెట్టేవాడు కూడా. చక్రాలను తిరగవేస్తూ, పైబూజును తుడుస్తూ, ఏది ఎప్పుడు తినడానికి సిద్ధమో గమనిస్తూ ఉండాలి. మన ప్రాంతంలో గడ్డిలో కాయలు పరచి, రోజూ చేత్తో తాకి చూసే పెద్దల నేర్పు ఇటువంటిదే.

నాణ్యమైన చెడ్డార్ ఎలా తయారవుతుందో ఇక్కడ చెప్పడం అవసరం. గడ్డను ముక్కలుగా కోసి, తొట్టి అడుగున పలకలుగా పేర్చి, ఒకదానిపై ఒకటి వేస్తూ మళ్ళీ మళ్ళీ తిరగేస్తారు. బరువుకు తేట దిగిపోయి, గడ్డ సాగుడుగా మారుతుంది. దానిని తునిగి, ఉప్పు కలిపి, అచ్చులో నొక్కి, కొవ్వు పూసిన గుడ్డతో చుట్టి, ఏడాది లేదా అంతకుమించి మాగబెడతారు. గుడ్డ గుండా చీజ్ ఊపిరి పీల్చుకొంటుంది. ప్లాస్టిక్‌లో చుట్టిన దిమ్మకు ఆ అవకాశం లేదు. రాన్స్ ఎక్కువగా నిరసించినది ఈ ప్లాస్టిక్ చుట్టునే.

రచనలు

"ది గ్రేట్ బ్రిటిష్ చీజ్ బుక్" కోసం ఇతడు దేశమంతటా తిరిగి, ఒక్కొక్క ప్రాంతపు చీజ్ చరిత్రను, చేసే పద్ధతిని, మిగిలి ఉన్న తయారీదారులను నమోదు చేశాడు. ఇది వంటల పుస్తకం కాదు, ఒక విధంగా జనాభా లెక్కల వంటిది. ఎవరు మిగిలారో తెలిసిన తరువాతనే ఎవరిని కాపాడాలో తెలుస్తుంది. అప్పటికే కొన్నిచోట్ల పునరుద్ధరణ ఆరంభమై ఉంది. 1972లో చార్లెస్ మార్టెల్ అనే రైతు అరుదైన గ్లోస్టర్ జాతి ఆవులను పెంచి, వాటి పాలతో ఆ ప్రాంతపు చీజ్‌ను మళ్ళీ చేయసాగాడు. 1979లో లండన్‌లో నీల్స్ యార్డ్ డెయిరీ మొదలైంది. దానిని పెంచిన రాండాల్ఫ్ హాడ్జ్‌సన్ రాన్స్ బాటలోనే పొలాలకు వెళ్ళి సరుకు తెచ్చాడు. బ్లూ విన్నీ కూడా 1980లలో డోర్సెట్‌లో తిరిగి తయారయింది. 1989లో రాన్స్ రెండవ బృహద్గ్రంథం "ది ఫ్రెంచ్ చీజ్ బుక్" వెలువడింది.

ఇదే కాలంలో ఇంగ్లాండులో ద్రాక్షతోటలు కూడా పునర్జన్మ పొందాయి. 1952లో సర్ గై సాలిస్‌బరీ-జోన్స్ అనే మేజర్ జనరల్ హాంప్‌షైర్‌లోని హాంబుల్డన్‌లో వైన్ కోసం తోట వేశాడు. రుచుల పునరుద్ధరణకు పూనుకొన్న వీరిద్దరూ సైన్యం నుండి వచ్చినవారే కావడం విశేషం. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అక్కడ పండిన ద్రాక్షతో చేసినది ఇంగ్లిష్ వైన్. బ్రిటిష్ వైన్ అనే పేరుతో అమ్మేది దిగుమతి చేసుకొన్న చిక్కని ద్రాక్షరసంతో తయారైనది.

పచ్చిపాల వివాదం

పాలను 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు వేడిచేసే పాశ్చరీకరణ వల్ల క్షయ వంటి వ్యాధులు పాలద్వారా సోకడం ఆగింది. బ్రిటన్‌లో పశువుల క్షయ ఒకప్పుడు ఎందరో పిల్లల ప్రాణాలు తీసింది. కాబట్టి దీనిని తేలికగా కొట్టివేయరాదు. అయితే వేడి హానికర క్రిములతోపాటు రుచినిచ్చే సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. ఆరోగ్యమైన మందనుండి శుభ్రంగా పితికిన పచ్చిపాలతోనే గొప్ప చీజ్ సాధ్యమని రాన్స్ గట్టిగా వాదించాడు.

1989 ఆరంభంలో లిస్టీరియా అనే బాక్టీరియా గురించి దేశంలో భయం వ్యాపించింది. పచ్చిపాల చీజ్ అమ్మకాన్నే నిషేధించాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. అప్పటికి డెబ్బై ఏళ్ళు దాటిన రాన్స్ దీనిని ప్రతిఘటించినవారిలో ముఖ్యుడు. ప్రతిపాదన అమలులోకి రాలేదు. చిన్న తయారీదారులు ఆ సంవత్సరమే స్పెషలిస్ట్ చీజ్‌మేకర్స్ అసోసియేషన్‌గా ఏర్పడ్డారు. రాన్స్ వాదనలో కొంత అతి లేకపోలేదు. మాగిన గట్టి చీజ్‌లో తేమ తక్కువ కాబట్టి ప్రమాదమూ తక్కువే గాని, మెత్తని పచ్చిపాల చీజ్‌ను గర్భవతులు తినరాదని వైద్యులు నేటికీ హెచ్చరిస్తారు.

మరణం, తరువాత

జానెట్ 1996లో మరణించింది. రాన్స్ 1999 ఆగష్టు 22న కన్నుమూశాడు.

ఇతడు కాపాడలేకపోయినది స్టిల్టన్. పచ్చిపాలతో స్టిల్టన్ చేసే చివరి తయారీదారు కూడా 1989లో పాశ్చరీకరించిన పాలకు మారాడు. 1996లో ఆ పేరుకు ఐరోపా రక్షణ లభించినప్పుడు పాశ్చరీకరణ నిబంధనలో భాగమయింది. 2006లో హాడ్జ్‌సన్, జో ష్నైడర్ కలిసి నాటింగ్‌హామ్‌షైర్‌లో పాత పద్ధతిలో పచ్చిపాలతో అదే చీజ్‌ను తిరిగి చేశారు. దానికి స్టిల్టన్ అని పేరు పెట్టడానికి చట్టం ఒప్పుకోలేదు. స్టిచెల్టన్ అనే పేరుతో అమ్ముతున్నారు.