గడ్డకట్టే డాన్యూబ్‌లో కొద్ది క్షణాలు

ఇమ్మర్షన్ అనే మాట మన ఇళ్లలో చాలామందికి బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ వల్లే తెలుసు. తెలుగులో దానికి ‘మునక’ అన్న చక్కటి మాట ఉంది. కార్తీకంలో నదిలో మూడు మునకలు వేస్తాం, పరీక్షలప్పుడు పిల్లలు చదువులో మునిగిపోతారు, అదుపు తప్పితే అప్పుల్లో మునుగుతాం. వైద్యంలో మాత్రం ఈ మాట దగ్గర మూడు లెక్కలు చూస్తారు. ఒంట్లో ఎంత భాగం మునిగింది? నీళ్లు ఎంత చల్లగా, లేదా వేడిగా ఉన్నాయి? ఎంతసేపు ఉన్నాం? ఈ మూడింటికీ జీవితమంతా జవాబు వెతికిన మనిషి జర్మనీకి చెందిన సెబాస్టియన్ క్నైప్. ఆయన డాక్టరు కాదు, క్యాథలిక్ ఫాదర్.

1821 మే 17న బవేరియాలోని స్టెఫాన్స్‌రీడ్ అనే చిన్న పల్లెలో ఓ పేద నేతగాడి ఇంట పుట్టారు. చిన్నతనంలోనే మగ్గం ముందు కూర్చోవాల్సి వచ్చింది. ఇంటి కింద చెమ్మపట్టిన నేలమాళిగలో పని. ఫాదర్ కావాలన్నది ఆయన కోరిక, చదువుకు డబ్బేమో లేదు. కాస్తో కూస్తో కూడబెట్టుకున్నది ఇల్లు అగ్నికి ఆహుతైనప్పుడు పోయింది. చివరికి బంధువైన మాథియాస్ మెర్క్లె అనే ఫాదర్ చేరదీసి లాటిన్ నేర్పారు. 1844లో డిలింగెన్ పట్టణంలో బడిలో చేరేనాటికి క్నైప్ వయసు 23. పక్కన కూర్చున్న వాళ్లంతా పిల్లలు.

అంత కష్టపడి చదువు అందుకున్నాక జబ్బు చేసింది. దగ్గు, నీరసం, దగ్గితే రక్తం. అది క్షయ అన్నారు. ఆ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ కనిపెట్టింది 1882లో, మందులొచ్చింది ఇరవయ్యో శతాబ్దం నడిమికి. అంటే 1840లలో క్షయ అని చెప్పడం దాదాపు మరణవార్త చెప్పడమే. డాక్టర్లు ఆశ వదిలేశారు.

ఆ రోజుల్లోనే చన్నీటి వైద్యం మీద ఒక పాత పుస్తకం ఆయన చేతికి చిక్కింది. దాన్ని రాసింది యోహాన్ జీగ్‌మండ్ హాన్ అనే 18వ శతాబ్దపు వైద్యుడు. క్నైప్‌కు పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. 1849 చలికాలంలో డిలింగెన్ పక్కనే పారే డాన్యూబ్ నదికి వెళ్లడం మొదలుపెట్టారు. వారానికి రెండు మూడు సార్లు.

ఆయన ఎలా మునిగారన్నది జాగ్రత్తగా చూడాలి. ముందు నదిదాకా వేగంగా నడిచేవారు, వీలైతే పరుగెత్తేవారు. ఒళ్లు వేడెక్కాక బట్టలు విప్పి మెడదాకా మునిగి, కొద్ది సెకన్లలోనే బయటికి వచ్చేసేవారు. ఒళ్లు తుడుచుకోకుండానే బట్టలు వేసుకుని మళ్లీ వేగంగా ఇంటి దారి పట్టేవారు. చల్లబడిన ఒంటిని చన్నీటిలో ముంచకూడదన్నది తర్వాతి రోజుల్లో ఆయన రోగులకు పెట్టిన మొదటి నియమం. అదే డాన్యూబ్‌లో గంటసేపు కూర్చుని ఉంటే క్నైప్ పేరు మనదాకా వచ్చేది కాదు.

ఎందుకంటే నీరు గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. చల్లటి నీళ్లు తగలగానే చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుపోయి రక్తం లోపలికి మళ్లుతుంది. ఊపిరి మన ప్రమేయం లేకుండానే ఎగబీలుస్తుంది, గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతాయి. మొదటి నిమిషమే గండం. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతాయి. త్వరగా బయటికొచ్చి ఒళ్లు కదిలిస్తే నాళాలు మళ్లీ విచ్చుకుని చర్మం వెచ్చబడుతుంది. క్నైప్ కనిపెట్టుకుని ఉన్నది ఆ వెచ్చదనం కోసమే. అది తిరిగి రాలేదంటే మోతాదు ఎక్కువైందని ఆయన లెక్క.

క్నైప్ కోలుకున్నారు, 1852లో ఫాదర్ అయ్యారు. ఆయనకు నయమైంది నీళ్ల వల్లేనా? చన్నీళ్లు క్షయ సూక్ష్మజీవిని చంపవు. మందులు లేని కాలంలోనూ కొందరు తమంతట తామే కోలుకునేవారు. నడక, ఆరుబయటి గాలి, బతకాలన్న పట్టుదల ఎంత సాయం చేశాయో కొలవలేం. నేడు క్షయ వస్తే చేయాల్సింది నెలల తరబడి మానకుండా మందులు మింగడమే, నదికి పరుగెత్తడం కాదు.

డిగ్రీ లేని ఈ ఫాదర్ తోటి విద్యార్థులకు, తర్వాత ఊరి పేదలకు నీటి వైద్యం చేయడం చాలామందికి నచ్చలేదు. మందుల వ్యాపారులు, డాక్టర్లు ఫిర్యాదులు చేశారు, అధికారులు విచారించారు. వాళ్ల భయం పూర్తిగా తప్పనీ అనలేం. అయినా 1854లో కలరా వ్యాపించినప్పుడు ఆయన రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేశారు.

1855లో వోరిస్‌హోఫెన్ అనే పల్లెలో సన్యాసినుల మఠానికి గురువుగా వెళ్లి, చివరిదాకా అక్కడే ఉన్నారు. అక్కడే ఆయన వైద్యం మెత్తబడింది. మొదట్లో తాను చేసినట్టే రోగులనూ గట్టిగా ముంచేవారు. అనుభవం పెరిగేకొద్దీ తన పద్ధతిని మూడుసార్లు సడలించానని ఆయనే రాసుకున్నారు. బలహీనులు పూర్తి మునకను తట్టుకోలేరని గ్రహించి కొలతలు పెట్టారు. మెడదాకా మునిగేది ఒకటి, నడుముదాకా ఒకటి, చేతులు మాత్రమే ముంచేది, పిక్కలదాకా కాళ్లు ముంచేది. లెక్క ఎక్కువగా సెకన్లలోనే. అదీ ఎక్కువనిపిస్తే మొక్కలకు నీళ్లు పోసే క్యాన్‌తో మోకాళ్ల మీద ధార. నా దృష్టిలో ఆయన గొప్పతనం డాన్యూబ్‌లోకి దూకడంలో కన్నా ఈ సడలింపులోనే ఎక్కువుంది. తనను బతికించిన మందు మోతాదును తానే తగ్గించగలిగిన వైద్యులు అరుదు.

1886లో వచ్చిన ఆయన జలచికిత్స పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. రైతుల నుంచి ఆస్ట్రియా రాజకుటుంబీకులదాకా వోరిస్‌హోఫెన్‌కు బారులు తీరారు. ఆయన నీళ్లతోపాటు మూలికలు, సాదా తిండి, నడక, క్రమమైన జీవనం కూడా చెప్పేవారు. 1893లో పోప్ 13వ లియో ఆయన్ను మోన్సిన్యోర్ బిరుదుతో గౌరవించారు. శిష్యుడు బెనెడిక్ట్ లస్ట్ ఈ పద్ధతిని అమెరికాకు తీసుకెళ్లారు. మన దగ్గర ప్రకృతి చికిత్సాలయాల్లో ఇచ్చే నీటి చికిత్సలకూ పూర్వీకుల్లో క్నైప్ ఒకరు. 1897 జూన్ 17న, 76 ఏళ్ల వయసులో వోరిస్‌హోఫెన్‌లోనే కన్నుమూశారు.

ఈ మధ్య సెల్‌ఫోన్ వీడియోలు చూసి ఐస్ ముక్కల టబ్బులో దిగుతున్న కుర్రాళ్లను, వాళ్లను చూసి సరదాపడే పెద్దవాళ్లను చూస్తున్నాం. బీపీ, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా దిగకూడదు. ఎవరైనా ఒంటరిగా దిగకూడదు. నడివయసు దాటినవాళ్లు కార్తీక స్నానానికి తెల్లవారుజామున నదికి వెళ్లినా ముందు కాళ్లు, చేతులు తడుపుకుని మెల్లగా దిగడం మేలు.

1920లో ఆ పల్లె పేరు ముందు స్నానాల ఊరు అని అర్థమిచ్చే ‘బాడ్’ చేరింది. నేటికీ అక్కడికి వెళ్లినవాళ్లు పిక్కలదాకా చన్నీళ్లున్న తొట్టెల్లో, అడుగడుగునా పాదం నీటి పైకి ఎత్తుతూ కొంగలా నడుస్తారు. చలి కాళ్లను కొరకడం మొదలవగానే గట్టెక్కి, అరచేత్తో నీళ్లు దులుపుకుని, మేజోళ్లు వేసుకుని నడకకు వెళ్లిపోతారు.