ఆ తొమ్మిది నెలలు జబ్బు ఎక్కడికి పోయింది?

మా ఓపీకి వచ్చే సొరియాసిస్ బాధితుల్లో బాలింతలు తరచూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు. కడుపుతో ఉన్నన్నాళ్లూ మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో పొలుసులు దాదాపు కనిపించకుండా పోయాయి. జబ్బు పీడ విరగడైందనే అనుకున్నారు. కాన్పయిన రెండు మూడు నెలలకే మళ్లీ మొదలైంది. ఎందుకని అడుగుతారు. పథ్యం సరిగా చేయలేదని పక్కనున్న పెద్దావిడ కోడలినే తప్పుపట్టడం కూడా చాలాసార్లు చూశాను.

తప్పు పథ్యానిది కాదు. కోడలిది అసలే కాదు. గర్భంలో తగ్గి, కాన్పు తర్వాత తిరగబెట్టే ఈ తీరు దాదాపు 95 ఏళ్ల కిందటే అమెరికాలో ఒక డాక్టరును ఆలోచనలో పడేసింది. ఆయన చూసింది సొరియాసిస్‌ను కాదు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతాన్ని. అయితే ఈ రెండూ ఒక తీరు జబ్బులే. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ ఒకదానిలో కీళ్ల మీద, మరొకదానిలో చర్మం మీద తిరగబడుతుంది. ఆ డాక్టర్ పేరు ఫిలిప్ షోవాల్టర్ హెంచ్. ఆయన కథ తెలిస్తే సొరియాసిస్‌కూ హార్మోన్లకూ ఉన్న సంబంధం సగం అర్థమైనట్టే. స్టెరాయిడ్ మందులతో ఎందుకు జాగ్రత్తగా ఉండాలో కూడా తెలుస్తుంది.

కామెర్లొచ్చాక తగ్గిన నొప్పి

హెంచ్ 1896 ఫిబ్రవరి 28న పిట్స్‌బర్గ్‌లో పుట్టారు. పుట్టుకతోనే అంగిలి చీలిక ఉండటంతో మాట స్పష్టంగా వచ్చేది కాదు. అయినా డాక్టరయ్యారు, పెద్ద సభల్లో ధైర్యంగా ప్రసంగించేవారు. 1920లో వైద్య పట్టా పుచ్చుకుని, మరుసటి ఏడాది మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్‌లో మాయో క్లినిక్‌లో చేరారు. 1926 నుంచి అక్కడి కీళ్ల జబ్బుల విభాగం బాధ్యత ఆయనదే.

అప్పట్లో కీళ్లవాతం వచ్చిందంటే ఇక తగ్గేది కాదని డాక్టర్లే చేతులెత్తేసేవారు. మంచాన పడటమో, కర్ర పట్టుకుని నడవడమో తప్పదనుకునేవారు. 1929 ఏప్రిల్‌లో 65 ఏళ్ల రోగి ఒకరు హెంచ్‌కు ఓ వింత సంగతి చెప్పారు. ఆయన కూడా డాక్టరే. పచ్చకామెర్లు వచ్చిన మర్నాటి నుంచే కీళ్ల నొప్పులు తగ్గడం మొదలైందట. కామెర్లు నాలుగు వారాల్లో పోయినా, నొప్పుల నుంచి ఉపశమనం ఆ తర్వాత కూడా చాలాకాలం నిలిచిందట.

హెంచ్ ఆ మాటను కొట్టిపారేయలేదు. అలాంటివాళ్లు ఇంకా ఉన్నారేమోనని వెతికారు, దొరికారు. కొద్దికాలానికి మరో సంగతి బయటపడింది. కీళ్లవాతం ఉన్న ఆడవాళ్లలో చాలామందికి గర్భం వచ్చాక నొప్పులు తగ్గుతున్నాయి, కాన్పయ్యాక కొన్ని వారాల్లో మళ్లీ వస్తున్నాయి. ఈ పరిశీలనలను ఆయన 1938లో ప్రచురించారు.

కామెర్లు మగవాళ్లకూ వస్తాయి, గర్భం ఆడవాళ్లకే వస్తుంది. రెండు సందర్భాల్లోనూ నొప్పి తగ్గుతోందంటే మేలు చేస్తున్నది ఆడవాళ్లలో మాత్రమే ఉండే హార్మోన్ కాకూడదు. కామెర్లలో పెరిగే పిత్తరసం ఒక్కటే కూడా కాకూడదు. స్త్రీ పురుషులిద్దరి ఒంట్లోనూ సహజంగా ఉండే పదార్థమేదో పనిచేస్తూ ఉండాలి. దానికి ఆయన ‘సబ్‌స్టెన్స్ ఎక్స్’ అని పేరు పెట్టుకున్నారు. ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఆయనకు అర్థమైంది. తగ్గదనుకున్న జబ్బు కూడా వెనక్కి తగ్గగలదు.

పక్క ల్యాబ్‌లోనే జవాబు

ఆ పదార్థం కోసం హెంచ్ చేయని ప్రయత్నం లేదు. పిత్త లవణాలు ఇచ్చి చూశారు. కామెర్ల రోగుల రక్తం, గర్భిణుల రక్తం ఎక్కించి చూశారు. ఫలితం రాలేదు.

మాయో క్లినిక్‌లోనే ఎడ్వర్డ్ కెండాల్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవారు. 1914లో థైరాయిడ్ గ్రంథి నుంచి థైరాక్సిన్‌ను వేరుచేసింది ఆయనే. తర్వాత మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథుల మీద పడ్డారు. వాటి నుంచి ఎన్నో పదార్థాలు వేరుచేసి ఎ, బి, ఇ, ఎఫ్ అంటూ అక్షరాలతో పేర్లు పెట్టారు. ఇద్దరూ మాట్లాడుకునేవారు. ‘కాంపౌండ్ ఇ’ని కీళ్లవాతంలో వాడి చూడాలని హెంచ్ 1941లో తన నోటు పుస్తకంలో రాసుకున్నారు.

కానీ మందు ఏదీ? గ్రంథుల నుంచి దొరికేది చిటికెడంత కూడా కాదు. పైగా యుద్ధం వచ్చి హెంచ్ సైనిక ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. చివరకు మెర్క్ కంపెనీ పశువుల పిత్తరసంతో మొదలుపెట్టి, 30కి పైగా దశల్లో ఆ పదార్థాన్ని తయారుచేయగలిగింది. అదీ కొన్ని గ్రాములే. రాసుకున్న ఏడేళ్లకు అందులో కొంత హెంచ్ చేతికొచ్చింది.

1948 సెప్టెంబర్ 21న 29 ఏళ్ల యువతికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. ఆమె నాలుగేళ్లకు పైగా కీళ్లవాతంతో బాధపడుతోంది, నడవడమే కష్టంగా ఉంది. రోజుకు 100 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తుంటే కొద్దిరోజుల్లోనే బిగుసుకున్న కీళ్లు వదులయ్యాయి. వారం తిరిగేసరికి ఊళ్లోకి వెళ్లి షాపింగ్ చేసుకొచ్చింది. ‘కాంపౌండ్ ఇ’కి తర్వాత కార్టిజోన్ అని పేరు పెట్టారు. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లాండ్‌లో ఇదే పనిచేసిన టాడియస్ రైక్‌స్టైన్ ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

సంబరం ఎక్కువకాలం నిలవలేదు

పత్రికలు దాన్ని అద్భుత ఔషధమన్నాయి. హెంచ్ మాత్రం మొదటి నుంచీ అది జబ్బును మాన్పేది కాదనీ, వాడినంతసేపే అణచి ఉంచేదనీ చెబుతూ వచ్చారు. ఆయన భయపడినట్టే జరిగింది. మందు ఆపగానే నొప్పులు తిరగబెట్టాయి. ఎక్కువ మోతాదులో కొనసాగించినవారికి ముఖం ఉబ్బి గుండ్రంగా మారింది, కొందరికి మనసు అదుపు తప్పింది. నెలల తరబడి వాడితే బీపీ, షుగర్ పెరుగుతాయనీ, ఎముకలు గుల్లబారతాయనీ అనుభవం మీద తెలిసింది. హెంచ్ 1957లో ఉద్యోగ విరమణ చేశారు. 1965 మార్చి 30న జమైకాలో న్యుమోనియాతో కన్నుమూశారు. అప్పటికి స్టెరాయిడ్లు వైద్యంలో విడదీయరాని భాగమైపోయాయి.

చర్మానికి దీనితో ఏం సంబంధం?

మామూలుగా చర్మం పై పొర పూర్తిగా కొత్తగా మారడానికి దాదాపు నెల పడుతుంది. సొరియాసిస్‌లో రోగనిరోధక కణాలు పంపే తప్పుడు సంకేతాల వల్ల అదే పని కొద్దిరోజుల్లో జరిగిపోతుంది. రాలాల్సిన కణాలు పోగుపడి తెల్లటి పొలుసులవుతాయి. గర్భంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్‌తో పాటు హెంచ్ వెతికిన కోవకే చెందిన కార్టిసాల్ కూడా పెరుగుతుంది. ఇవి రోగనిరోధక వ్యవస్థ దూకుడును తగ్గిస్తాయని భావిస్తున్నాం. అందుకే గర్భిణుల్లో సుమారు సగం మందికి సొరియాసిస్ తగ్గుతుంది. కాన్పు కాగానే ఆ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. చాలామందిలో జబ్బు తిరిగి వస్తుంది. యుక్తవయసు వచ్చేటప్పుడు, నెలసరి ఆగిపోయే వయసులో కూడా కొందరికి జబ్బు మొదలవడం, పెరగడం చూస్తుంటాం.

అందరికీ ఇలాగే జరగదు. కొందరికి గర్భంలో మార్పేమీ ఉండదు, కొందరికి ఎక్కువ కూడా అవుతుంది. అరుదుగా ఒళ్లంతా చీము పొక్కులు, జ్వరం వస్తాయి. అది తల్లికీ బిడ్డకూ ప్రమాదం, వెంటనే ఆసుపత్రికి రావాలి. జబ్బుకు మూలం హార్మోన్లు ఒక్కటే కాదు. వంశపారంపర్యం, గొంతు ఇన్‌ఫెక్షన్లు, ఊబకాయం, పొగతాగడం, మానసిక ఒత్తిడి కూడా కలుస్తాయి.

మరి ఒంట్లో పెరిగిన హార్మోన్ మేలు చేస్తే, బయటి నుంచి మాత్రగా వేసుకుంటే సరిపోదా? ఇక్కడే చాలామంది మోసపోతున్నారు. కొన్నేళ్ల కిందట 50 ఏళ్ల ఆటో డ్రైవరును మా వార్డులో చేర్చారు. ఎవరో ఇచ్చిన పేరులేని పొడి రెండు నెలలు వాడితే సొరియాసిస్ మచ్చ లేకుండా పోయిందట. మనిషి కూడా ఒళ్లు చేశాడట. నయమైందని పొడి మానేశాడు. పది రోజులకు ఒళ్లంతా ఎర్రగా మండిపోతూ, చీము పొక్కులతో, చలిజ్వరంతో వచ్చాడు. వాడిన తీరు, ఉబ్బిన ముఖం చూస్తే ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసిందనే మాకు అనిపించింది. బతికించుకోవడానికి మూడు వారాలు పట్టింది. సొరియాసిస్‌లో స్టెరాయిడ్ మాత్రలు వాడి హఠాత్తుగా ఆపితే ఇలా జరగొచ్చు.

ఇవి గుర్తుంచుకోండి

• డాక్టర్ చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు స్టెరాయిడ్ పూతమందు వాడితే భయం లేదు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి రాయొద్దు.

• పేరులేని పొడులు, మాత్రలు ఇప్పటికే వాడుతుంటే హఠాత్తుగా ఆపేయకండి. ఆ పొట్లంతో సహా డాక్టర్ దగ్గరకు రండి. మోతాదు మెల్లగా ఎలా తగ్గించాలో చెబుతారు.

• పిల్లల కోసం ప్రయత్నించే ముందే చర్మ డాక్టరును కలవండి. మెథోట్రెక్సేట్, అసిట్రెటిన్ లాంటి మందులు కడుపులో బిడ్డకు ముప్పు. అసిట్రెటిన్ ఆపాక కూడా ఏళ్ల తరబడి గర్భం దాల్చకూడదు.

• కాన్పు తర్వాత జబ్బు తిరగబెట్టొచ్చని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. పాలిచ్చే తల్లులకు తగిన మందులున్నాయి.

• పొలుసులతో పాటు వేళ్ల కీళ్లు వాచినా, పొద్దున్నే బిగుసుకున్నా తేలిగ్గా తీసుకోవద్దు.

ఒక రోగి యథాలాపంగా చెప్పిన మాటను హెంచ్ శ్రద్ధగా విని రాసుకున్నారు. మీరూ ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. జబ్బు ఏ నెలలో పెరిగింది, నెలసరికి ముందా తర్వాతా, గర్భంలో ఎలా ఉంది, కాన్పయిన ఎన్నాళ్లకు తిరగబెట్టింది, ఏయే మందులు వాడారు... అన్నీ తేదీలతో రాయండి. ఈసారి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురండి. ఓపీలో మాకు దొరికే ఐదు నిమిషాల్లో మీ చేతిరాతే మాకు దారి చూపిస్తుంది.