కీర్తిశేషులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు

రాజమహేంద్రవరమున 1848 వ సంవత్సరము ఏప్రిలు 16 వ తేదీని నియోగి కుటుంబమున శ్రీ వీరేశలింగము పంతులుగారు జన్మించిరి. తల్లిదండ్రులు పున్నమ్మ, సుబ్బారాయుఁడుగార్లు. నాలుగేండ్ల ప్రాయమునఁ బితృవియోగము సంభవింపఁగా, పెదతండ్రిగారి పోషణమునఁ బెరిగి విద్య నార్జించి, ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి.

వీరు పుట్టుకతోనే సంస్కర్తలు కారు. యౌవనమునఁ బండితమార్గము ననుసరించి, ఓష్ఠ్యాక్షరములు లేకుండ నచ్చతెనుఁగున నైషధమును రచించినవారే. అట్టి రచన సామాన్యులకుఁ జేరదని గ్రహించి, అభ్యస్తమైన దానిని విడిచి సులభవచనమును జేపట్టిరి. 1874 లో వివేకవర్ధనీపత్రికను, ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిరి.

వితంతూద్వాహమునకు 1856 లోనే చట్ట మేర్పడినను, మన ప్రాంతమున నాచరించువారు లేరైరి. 1881 డిసెంబరు 11 వ తేదీ రాత్రి పంతులుగారు స్వగృహముననే ప్రథమ వివాహమును జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసాహాయ్య మొనర్చిరి. మఱునాఁటినుండి బహిష్కారము! వంటవారు రారు, నీరు తెచ్చువారు లేరు, బంధువులు గడప త్రొక్కరు. తోడ్పడిన మిత్రులలోఁ గొందఱు ప్రాయశ్చిత్తము చేసికొని తొలఁగిపోయిరి. అప్పుడు ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీరు మోసి, వచ్చినవారికి వండి పెట్టిరి. విద్యార్థులు వెంట నిలిచిరి. ఆ కష్టకాలమున నాశ యనునది ఆ బిందెతోను, ఆ బాలుర యండతోను నిలిచినది. పిమ్మట సుమారు నలువది వివాహములు జరిగినవి.

1906 లో హితకారిణీసమాజమును స్థాపించి తమ యాస్తిని దాని కర్పించిరి. 1910 లో సహధర్మచారిణి గతించినను కార్యమును విడువరైరి. డెబ్బదియేండ్ల వయస్సున, 1919 లో, వ్యావహారికభాషకై యేర్పడిన సమాజమునకు అధ్యక్షులైరి. జీవితమంతయు గ్రాంథికమున వ్రాసినవారు చివరకు దానిపైఁ బట్టును సయితము సడలించిరి. ఈ వ్యాసమును గ్రాంథికముననే వ్రాయుచున్న నాకు ఈ సంగతి సిగ్గు గొలుపుచున్నది. ఆ సంవత్సరమే మే 27 వ తేదీని చెన్నపురిలోఁ బరమపదించిరి.

సోదరులారా! నాఁడు వారికిఁ దలుపులు మూసినవారిలో మనవారును గలరు. నేఁడు వారి పటమునకు మనమే పూలమాల వేయుచున్నాము. కాని భర్తృహీనలగు తల్లులను, సోదరీమణులను శుభకార్యములందు వెనుకకుఁ ద్రోయు నలవాటు పెక్కిండ్ల నింకను గలదు. ఈ సభనుండి యిండ్లకుఁ జేరిన పిదప జరుగు మొదటి శుభకార్యముననే దానిని విడుతుమేని, ఆ మాల సార్థకమగును.