పుస్తకాల పెట్టెలో పారిపోయిన లాయర్

పదకొండేళ్ళ వయసులో మనమంతా ఆరో క్లాసులో ఉన్నాం. హ్యూగో గ్రోషియస్ ఆ వయసుకే లైడెన్ యూనివర్సిటీలో చేరిపోయాడు. 1583లో హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో పుట్టాడు, పదహారేళ్ళకే లాయర్ అయ్యాడు. అంతర్జాతీయ చట్టానికి పునాది వేసినవాళ్ళలో ముందు వినిపించే పేరు ఆయనదే. కానీ ఆయన జీవితం చదువుతుంటే నన్ను పట్టేసింది ఆ తెలివితేటలు కాదు. ఒక కంపెనీ కోసం రాసిన వాదన చివరికి ఆయన్నే ఎలా నిలదీసిందో, అది.

1603లో సింగపూర్ దగ్గర సముద్రంలో డచ్ వాళ్ళు శాంటా కాటరీనా అనే పోర్చుగీసు ఓడని పట్టుకున్నారు. నిండా పట్టు, చైనా పింగాణీ. ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే 30 లక్షల గిల్డర్లకి పైగా వచ్చింది. ఇది యుద్ధంలో గెలుచుకున్న సొమ్మా, దోపిడీ సొమ్మా? డచ్ ఈస్టిండియా కంపెనీకి దీన్ని సమర్థించే లాయర్ కావాల్సొచ్చింది. ఆ పని గ్రోషియస్‌కి అప్పగించారు. అప్పటికి ఆయనకి ఇరవై ఒక్కేళ్ళు, అంటే మన సీనియర్ల వయసు.

ఆ కంపెనీ మన తెలుగువాళ్ళకి కొత్తేం కాదు. 1606 కల్లా గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంలో దుకాణం పెట్టింది. మన తీరంలో నేసిన బట్టలు కొని, తూర్పు దీవుల్లో వాటికి బదులు సుగంధ ద్రవ్యాలు తీసుకునేది.

గ్రోషియస్ పెద్ద గ్రంథమే రాశాడు. అందులో ఒక్క అధ్యాయం 1609లో 'మారే లిబెరుమ్', అంటే 'స్వేచ్ఛా సముద్రం' అనే పేరుతో, రచయిత పేరు లేకుండా అచ్చయింది. వాదన సింపుల్. సముద్రాన్ని ఎవరూ కంచె వేసుకుని సొంతం చేసుకోలేరు. జావా, సింహళం లాంటి చోట్ల సొంత రాజులున్నారు, సొంత చట్టాలున్నాయి. పోర్చుగీసు వాళ్ళు ముందు వచ్చినంత మాత్రాన అవి వాళ్ళవైపోవు. ఎవరైనా ఎవరితోనైనా వ్యాపారం చేసుకోవచ్చు.

ట్విస్ట్ 1613లో వచ్చింది. సుగంధ ద్రవ్యాల దీవుల్లో ఇంగ్లీషు వ్యాపారుల్ని డచ్ వాళ్ళు అడ్డుకుంటుంటే, చర్చలకి గ్రోషియస్‌ని లండన్ పంపారు. అక్కడ ఇంగ్లీషు వాళ్ళు ఆ పుస్తకంలోని వాదననే తీసి ఆయన ముందు పెట్టారు! స్థానికులు మాతో ఒప్పందం చేసుకున్నారు, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి కదా అని ఆయన సమర్థించుకున్నాడు. లా ప్రకారం తెలివైన జవాబే. కానీ ఆ ఒప్పందాలు చాలావరకు ఫిరంగుల నీడలో కుదిరినవి.

తర్వాత ఆయన జీవితమే తలకిందులైంది. దేశంలో మత వివాదం రాజకీయ పోరుగా ముదిరి, ఆయన పక్షం ఓడిపోయింది. నాయకుడు ఓల్డెన్‌బార్నెవెల్ట్ తల నరికారు. గ్రోషియస్‌కి 1619లో యావజ్జీవ శిక్ష పడింది. లోవెస్టైన్ కోటలో ఉంచారు. చదువుకోడానికి పుస్తకాలు పెట్టెలో వచ్చి వెళ్తుండేవి. కొన్నాళ్ళకి కాపలావాళ్ళు పెట్టె తెరిచి చూడ్డం మానేశారు. భార్య మరియా అది గమనించింది. 1621 మార్చిలో భర్తని ఆ పెట్టెలో పెట్టి తాళం వేసి, తను జైల్లోనే ఉండిపోయింది. ఎల్సె అనే పనమ్మాయి పెట్టెతోపాటు పడవెక్కి ఊరు చేర్చింది. ఆయన తాపీమేస్త్రీ వేషంలో సరిహద్దు దాటి పారిస్ చేరాడు. ఇంత ప్లాన్ చేసి నడిపించినవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు. ఫేమస్ అయింది మాత్రం పెట్టె.

అదే 1621లో అదే కంపెనీ జాజికాయ వ్యాపారం కోసం బండా దీవుల మీద పడి, వేలమంది చావుకి కారణమైంది. ఒప్పందం తప్పారన్నదే కంపెనీ చెప్పిన సాకు.

పారిస్‌లో ఆయన 1625లో 'యుద్ధ శాంతి ధర్మం' మీద పెద్ద పుస్తకం వేశాడు. అప్పుడు యూరప్‌లో ముప్ఫై ఏళ్ళ యుద్ధం సాగుతోంది. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు ఒకరినొకరు చంపుకుంటున్నారు. ఇద్దరూ ఒప్పుకునే పెద్ద ఎవరూ లేరు. నాకిది అడ్మిన్ లేని నెట్‌వర్క్‌లా అనిపించింది. అలాంటిచోట మిషన్లు మాట్లాడుకోవాలంటే అందరూ పాటించే ప్రోటోకాల్ ఉండాలి. యుద్ధానికి సరైన కారణం ఉండాలి, యుద్ధంలోనూ హద్దులుండాలి, మాట తప్పకూడదు అని ఆయన రాసింది అలాంటి ప్రోటోకాలే. లోపాలూ ఉన్నాయి. బానిసత్వాన్ని ఆయన పూర్తిగా కాదనలేదు.

సొంత దేశం మాత్రం ఆయన్ని మళ్ళీ రానివ్వలేదు. 1631లో తిరిగెళ్తే కొన్ని నెలల్లోనే పారిపోవాల్సొచ్చింది. తర్వాత పదేళ్ళు పారిస్‌లో స్వీడన్ రాయబారిగా పనిచేశాడు. 1645లో స్వీడన్ నుంచి వస్తుంటే ఓడ తుఫానులో చిక్కింది. ఎలాగో ఒడ్డు చేరినా, జబ్బుపడి రోస్టాక్‌లో ఆగస్టు 28న చనిపోయాడు. మూడేళ్ళకి వెస్ట్‌ఫాలియా శాంతి ఒప్పందాలు కుదిరాయి. ఆయన అవి చూడలేదు. సమాధి మాత్రం సొంతూరు డెల్ఫ్ట్‌లోనే ఉంది.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలో కూడా నడిసముద్రం అందరిదీ అన్న సూత్రం ఉంది. అది మొదట పుట్టింది ఒక కంపెనీ లాభం కోసం. అందుకని దాన్ని పారేయాలా? అక్కర్లేదు అంటాను. ఒకసారి అచ్చేశాక రూల్ రాసినవాడి చేతిలో ఉండదు, ఎదుటివాడు కూడా వాడుకోవచ్చు. లండన్‌లో జరిగింది అదే. కాకపోతే ఆ బల్ల దగ్గర ఇంగ్లీషు వాళ్ళకి కుర్చీ దొరికింది, బండా వాళ్ళకి దొరకలేదు. సముద్రం గురించి ఏ దేశమైనా చట్టం మాట్లాడితే, ముందు బల్ల దగ్గర ఎవరు లేరో చూడండి.